తెల్ల రిబ్బను

హూసుమ్,
1987 అక్టోబరు

లుడోల్ఫ్ మామయ్యకి,

వేసవిలో నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పటిదాకా జవాబు లేదని మూతి ముడుచుకుని కూర్చుని ఉంటావు. నీ అలక తీర్చడానికే ఈ పొట్లం. ముందు ఉత్తరం చదివి తర్వాత పొట్లం విప్పమని రాద్దామనుకున్నాను కానీ లాభం లేదు. ఈపాటికి నువ్వు పొట్లం విప్పేసి, భూతద్దం కంటికి తగిలించుకుని, నా ఉత్తరాన్ని కాఫీ కప్పు కింద పెట్టేసి ఉంటావు.

పొట్లంలోని ఇనుప శిలువ, ఆ యుద్ధ పతకం, మా అత్తయ్య వీబ్కెది. అంటే అత్తయ్య మొదటి భర్త మొమ్మెది. మొదటి యుద్ధంలో ఆయన సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడ మీద పనిచేసేవాడు. 1917లో ఓడ మునిగింది, మనిషి దొరకలేదు. అప్పటికి పెళ్ళయి ఏడాది. ఇక అప్పట్నించి ఆటుకి సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా అత్తయ్య బయటపడ్డ బురదలోకి నడిచి వెళ్ళి, మొమ్మెని సముద్రం ఎక్కడైనా వదిలిపెట్టిందేమోనని వెతికేది. మా బురద సంగతి నీకు తెలుసు కదా. పొగమంచు దిగితే ఆకాశమేదో నేలేదో తెలియదు. పోటు వెనకనుంచి వచ్చి కాళ్ళు పట్టుకుంటుంది. రెండుసార్లు మునిగిపోబోతుంటే టాడె అనే కుర్రాడు లాక్కొచ్చాడు. కుంటికాలు కాబట్టి అతన్ని యుద్ధానికి తీసుకోలేదు, మా స్టేషన్లో సిగ్నళ్ళు చూసేవాడు. ఆఖరికి ఒకరోజు ఆ టాడెయే ఈ శిలువ తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టాడు. "నౌకాదళం వాళ్ళు పంపారు. మొమ్మె ఇంక రాడు" అన్నాడు. ఆ రోజుతో అత్తయ్య బురదలోకి పోవడం మానేసింది. మూడేళ్ళ తర్వాత టాడెనే పెళ్ళి చేసుకుంది. మా హార్కె ఆయన కొడుకే.

అయినా ఈ ఇంట్లో "మా ఆయన" అంటే ఇప్పటికీ మొమ్మె. టాడెని అత్తయ్య ఏనాడూ ఆ మాట అనలేదు. "టాడె మంచోడు" అంటుంది, అంతే. నేను కోడలిగా వచ్చిన రెండేళ్ళకే మామగారు పోయారు. ఊళ్ళో ఆయన సమాధి రాయి మీద ఒక సగంలో పేరు చెక్కించి, రెండో సగం అత్తయ్య కోసం ఖాళీగా ఉంచాడు హార్కె. ఇప్పుడు అత్తయ్య ఏమంటోందో తెలుసా? తనని పెల్‌వోర్మ్ దీవికి తీసుకెళ్ళి, మొమ్మె వాళ్ళ కుటుంబం రాయి దగ్గర, ఈ శిలువ చేతిలో పెట్టి పూడ్చాలట. అక్కడ మొమ్మె పేరు తప్ప మొమ్మె లేడు! హార్కె వల బాగుచేసుకుంటూ "అమ్మ ఇట్టం" అంటాడు. ఆ రెండు ముక్కలు అనేటప్పుడు ఆయన మొహం నేను చూడలేకపోతున్నాను మామయ్యా.

ఈ మధ్య కొత్త గొడవ మొదలైంది. అత్తయ్యకి మొమ్మె కలలోకి వస్తున్నాడట. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఆమె చేతిలో శిలువ చూసి, "అది నాది కాదే" అంటాడట. మగత నిద్రలోంచి లేచి నన్ను పిలిచింది. "ఏటే కోడలా, నీ మావ గట్టోడంట గదా. పతకం మొకం సూసి దాని అమ్మమ్మ పేరు సెప్పేత్తాడంట. అంపించు. ఎవుడిదో ఒట్టుకొని నాను మొమ్మె కాడికి ఎల్లలేను" అంది. తొంభై దాటిన మనిషి. ఈ చలికాలం గడవడం కష్టమని డాక్టరు అన్నాడు. అందుకే పంపుతున్నాను. అసలుదో నకిలీదో తేల్చు.

రిబ్బను తెల్లగా ఉందని కంగారుపడకు. నౌకాదళం వాళ్ళకి తెల్లది, నేల మీద పోరాడినవాళ్ళకి నల్లది ఇచ్చేవారట. టాడె మామగారే అత్తయ్యకి చెప్పారట. నీకు నేను చెప్పాలా ఈ సంగతులు!

నీ రూనీ


లూనెబుర్గ్,
నవంబరు

ఆరు నెలలకోసారి గుర్తొచ్చే మేనమామ నుంచి, రూనీకి

పొట్లం ముందే విప్పాను. ఉత్తరం కాఫీ కప్పు కింద పెట్టలేదు, తేనె సీసా కింద పెట్టాను. నీ లెక్క తప్పింది.

మొదట ఒక మాట చెప్పి నా కడుపుమంట చల్లార్చుకోవాలి. దీన్ని సుద్దపొడితో తోమింది ఎవరు? మీ అత్తయ్యేనా? వారం వారం తోమినట్టుంది! వెండి అంచు మీద సన్నగా ఉండాల్సిన గీతలు సగం అరిగిపోయాయి. పతకం మీద కాలం వేసిన మసిని కడిగేయడమంటే ముసలావిడ మొహం మీద ముడతలు చాకుతో గీకేయడమే. నా దగ్గరికి తోమిన పతకం తెచ్చినవాణ్ణి నేను గుమ్మంలోనే నిలబెట్టి పంపేస్తాను. మీ అత్తయ్య గనక ఊరుకున్నాను.

సరే, పరీక్ష చేశాను. ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి కూర్చున్నాను. బయట పొగమంచు. వీధిలో పోయేవాళ్ళు నీళ్ళ అడుగున నడుస్తున్నట్టున్నారు. ముందు అయస్కాంతం. టక్కున అతుక్కుంది, అంటే లోపల ఇనుమే. నకిలీలు చేసేవాళ్ళు చాలామంది మొత్తం ఒకే మూసలో పోతపోస్తారు. అసలుది మూడు ముక్కలు. మధ్యలో నల్ల పూత వేసిన ఇనుప రేకు, దాన్ని ముందూ వెనకా పట్టుకున్న రెండు వెండి చట్రాలు. ఆ రెండూ కలిసిన అతుకు అంచు మీద వెంట్రుకలా కనబడాలి. కనబడింది. కిరీటం బొమ్మ కింద చక్రవర్తి పేరు తొలి అక్షరం పదునుగా ఉంది, యుద్ధం మొదలైన ఏడాది, 1914, అంకెల మూలల్లో ఎక్కడా గాలి బుడగ లేదు. పైన ఉంగరం మీద చేసినవాడి ముద్ర ఉంది. బరువు సరిపోయింది. మందుల దుకాణం మూసేసినా నా త్రాసు నన్ను వదల్లేదు. నాలుగు దశాబ్దాలు మనుషుల జబ్బులకి మందు తూచింది, ఇప్పుడు చచ్చినవాళ్ళ గొప్పలు తూస్తోంది.

నీకు నవ్వొస్తుందేమో గానీ, కొత్త పతకం వచ్చినప్పుడల్లా నాకు దాన్ని అరచేతిలో పెట్టుకుని కునుకు తీయడం అలవాటు. ఇనుము నెమ్మదిగా ఒంటి వేడి పుచ్చుకుంటుంది. ఆ మగతలో ఎవరో ఒకరు వచ్చి కుర్చీలో కూర్చుంటారు. బవేరియా పతకం అయితే మీసాలాయన వస్తాడు, నాకు అర్థం కాని యాసలో ఏదో సణుగుతాడు. హిట్లర్ కాలం సరుకు నా గడప తొక్కనివ్వను గనక ఆ మనుషులెవరూ రారు, బతికిపోయాను. ఈసారి వచ్చినవాడు మాత్రం కూర్చోలేదు. తలుపు దగ్గరే టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. రమ్మంటే రాలేదు.

మీ అత్తయ్యకి చెప్పు. ఇది అచ్చమైన ఇనుప శిలువ. నా మాటగా చెప్పు. నిశ్చింతగా నిద్రపొమ్మను.

లుడోల్ఫ్


హూసుమ్,
నవంబరు చివర

మామయ్యా,

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. సుద్దపొడి మాట దగ్గర ఆవిడకి కోపం వచ్చింది. "ఆడి మొకం! తోముకోకపోతే తుప్పట్టదా? ఆడు తోముకోడా పళ్ళు?" అంది. తర్వాత చాలాసేపు కిటికీలోంచి కరకట్ట వైపు చూస్తూ పడుకుంది. నిద్రపోయిందనుకుని లేవబోతుంటే అడిగింది: "అసలుదే, సరే. నానడిగింది అదా? మొమ్మెదేనా అని గదా అడిగినాను."

ఆ మాటే ఇప్పుడు నేను నిన్ను అడుగుతున్నాను.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను మామయ్యా. ఇనుము గురించి రాశావు, వెండి గురించి రాశావు, అతుకు, ముద్ర, బరువు, మీసాలాయన. రిబ్బను గురించి ఒక్క ముక్క లేదేం? నా పెళ్ళికి ఆశీర్వదిస్తూ రాసిన ఉత్తరంలో రెండు పేజీలు సాక్సనీ రిబ్బనులో పసుపు ఎందుకు వెలుస్తుందో రాసిన మనిషివి నువ్వు. అమ్మ పోయినప్పుడు ఓదారుస్తూ కూడా ఆవిడ పెట్టెలో దొరికిన ఏదో రిబ్బను దారం కాల్చి వాసన చూశానని రాశావు! అలాంటివాడు తెల్ల రిబ్బను కళ్ళముందు పెట్టుకుని నోరు మూసుకున్నాడంటే నాకు భయంగా ఉంది.

ఏదో దాచావు. నీకు దాచడం చేతకాదు. చిన్నప్పుడు క్రిస్మస్ బహుమతి ఎక్కడ దాచావో నీ చూపులే చెప్పేసేవి. చెప్పెయ్యి.

రూనీ


లూనెబుర్గ్,
డిసెంబరు

రూనీ,

నిన్ను ఎత్తుకుని తిరిగిన పాపానికి అనుభవిస్తున్నాను.

సరే విను. నౌకాదళానికి తెల్లది, సైన్యానికి నల్లది అనేది శుద్ధ అబద్ధం. నేల మీదైనా నీటి మీదైనా పోరాడినవాడికి ఒక్కటే రిబ్బను. నల్లటిది, అంచుల దగ్గర తెల్ల చారలు. దానికి తిరగేసింది, అంటే తెల్లటిది, అంచుల దగ్గర నల్ల చారలు, యుద్ధానికి వెళ్ళకుండా ఊళ్ళోనే ఉండి దేశానికి సేవ చేసినవాళ్ళకి ఇచ్చేవారు. రైళ్ళు నడిపినవాళ్ళు, ఆసుపత్రులు చూసినవాళ్ళు, అలాంటివాళ్ళకి. ఊళ్ళో జనం దాన్ని వెక్కిరించేవారు కూడా. తెల్ల రిబ్బనువాళ్ళలో చాలామంది సిగ్గుపడి పెట్టుకునేవారు కాదు.

ఎవడో తర్వాత రిబ్బను మార్చి ఉంటాడేమోనని ఆశపడ్డాను. ఊదారంగు దీపం కింద పెట్టాను. కొత్త దారమైతే మెరుస్తుంది. ఇది మెరవలేదు. ఆ కాలపు నూలే. ఉంగరంలోంచి తీసి చూస్తే మడత పడిన చోట బట్ట పాలలా తెల్లగా ఉంది, దాని చుట్టూ మాత్రం పసుపెక్కింది. అంటే మొదటి రోజు ఉంగరంలో దూర్చిన రిబ్బను మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. కోటుకి గుచ్చిన పిన్ను గుర్తు ఒక్కటే ఉంది. ఒక్కసారి, అదీ కొంచెంసేపు పెట్టుకున్నారు.

కాబట్టి శిలువ అసలుది. మొమ్మెది మాత్రం కాదు. ఎవరిదో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆవిడతో చెప్పకు రూనీ. నువ్వడిగావని చెబుతున్నాను, అంతే. సముద్రంలో పోయిన మొగుడు మిగిల్చిన ఒకే ఒక్క వస్తువు అనుకుని ఇన్నాళ్ళు గుండెకి హత్తుకుంది. దాన్ని ఇప్పుడు లాక్కుంటామా?

శిలువ ఉన్నితో చుట్టి పంపుతున్నాను. తోమనివ్వకు.

లుడోల్ఫ్


హూసుమ్,
క్రిస్మస్ ముందు

మామయ్యా,

ఎవరిదో తెలిసింది. నేను వెతకలేదు, అదే హార్కె నోట్లోంచి ఊడిపడింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నీ ఉత్తరం సంగతి హార్కెకి చెప్పాను. అత్తయ్య లోపల నిద్రపోతోంది. కేల్ ఆకు కూరలోంచి సాసేజి ముక్క గుచ్చి నోటిదాకా తెచ్చినవాడు అలాగే ఆగిపోయాడు. "తెల్లదా? ఊళ్ళో ఉన్నోళ్ళకి ఇచ్చేదా?" అని రెండుసార్లు అడిగాడు. ఫోర్కు కింద పెట్టి, "మా నాయినకీ ఒకటి ఇచ్చారు రూనీ" అన్నాడు.

యుద్ధం చివరి ఏడాది మామగారు పొగమంచులో ఎదురెదురుగా వస్తున్న రెండు రైలు బండ్లని చూసి, దీపం పట్టుకుని పట్టాల మీద కుంటుకుంటూ పరిగెత్తి ఒకదాన్ని ఆపాడట. అందులో గాయపడ్డ సైనికులున్నారట. దానికే ఇచ్చారు. స్టేషన్లోనే పెద్ద అధికారి వచ్చి కోటుకి గుచ్చాడట. ఆ వారంలోనే ఎవరో "ఏదిరా నీ శిలువ?" అంటే "బురదలో పడిపోయింది" అన్నాడట. ఊరంతా నవ్వింది. దేశం ఇచ్చిన పతకాన్ని బురదలో పోగొట్టుకున్న కుంటోడని ఆయన్ని చచ్చేదాకా ఆటపట్టించారు. హార్కెని కూడా బళ్ళో పిల్లలు "నీ బాబు శిలువ ఎండ్రకాయ పెట్టుకు తిరుగుతోందిరా" అని ఏడిపించేవారట. కొట్లాడి పళ్ళు ఊడగొట్టుకుని ఇంటికొస్తే నాన్న మందు రాసి, "పోన్లేరా, ఎండ్రకాయకి బాగుంటది" అన్నాడట.

అదంతా చెప్పి హార్కె లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కట్టెలు కొట్టే చప్పుడు వినిపించింది. మాకు కట్టెలు సరిపడా ఉన్నాయి మామయ్యా.

తిరిగొచ్చాక, "అమ్మకి సెప్పకు. నాయిన సెప్పలేదు గదా. మనమెవులం సెప్పడానికి?" అన్నాడు. సరేనన్నాను. కానీ అత్తయ్య పక్కకి వెళ్ళి కూర్చున్నప్పుడల్లా ఆవిడ చేతిలో శిలువే కనబడుతోంది. మొమ్మె పేరు పెట్టి టాడె చేతిని పట్టుకుంది. తీసుకెళ్ళి పెల్‌వోర్మ్‌లో పడుకుంటుందట! ఇక్కడ ఆయన పక్కన చోటు శాశ్వతంగా ఖాళీగానే ఉంటుందట!

నువ్వైతే ఏం చేస్తావు?

రూనీ


లూనెబుర్గ్,
క్రిస్మస్ రోజు

రూనీ తల్లీ,

చర్చి గంటలు మోగుతున్నాయి. నేను చర్చికి వెళ్ళలేదు, నీ ఉత్తరం పట్టుకుని కూర్చున్నాను.

తలుపు దగ్గర టోపీ పట్టుకుని నిలబడ్డవాడెవరో ఇప్పుడు తెలిసింది. మళ్ళీ వస్తాడేమోనని ఈ మధ్య కుర్చీ కొంచెం తలుపు వైపు జరిపి పెడుతున్నాను. నవ్వుకో. ఒంటరి ముసలివాడి ఇంట్లో కుర్చీలకి కూడా పని ఉండాలి కదా.

నా సొరుగుల్లో ఎన్నో శిలువలున్నాయి. సంపాదించినవాళ్ళవి, కొనుక్కున్నవాళ్ళవి, దొంగిలించినవాళ్ళవి కూడా. వచ్చిన వారంలోనే ఇంకొకరి పేరున ఇచ్చేసినవాడిది మాత్రం ఎప్పుడూ చూడలేదు. అది నా చేతిలో ఉండగా నేను అంచు మీద గీతలు లెక్కపెట్టాను! నా భూతద్దానికి కళ్ళు లేవు.

నన్నేం చేస్తావని అడిగావు. సిగ్గు విడిచి చెబుతున్నాను. నేను అబద్ధం రాసిస్తాను. "ఇది నౌకాదళానికి ఇచ్చిన అరుదైన తెల్ల రిబ్బను శిలువ" అని నా సంతకంతో ఒక కాగితం రాసిస్తాను. ఆవిడకి చదివి వినిపించు. ఇన్నేళ్ళలో ఒక్క పతకం గురించి కూడా అబద్ధం రాయలేదు. నా దగ్గరికి రాజకుటుంబం వాళ్ళు వచ్చి, "మా తాతగారిది అసలుదని ఒక్క మాట రాయండి" అని బతిమాలినా రాయలేదు. ఇది రాస్తాను. టాడె మొదలుపెట్టిన పని, పూర్తిచేస్తే తప్పేముంది? హార్కె కూడా అదే అంటున్నాడు కదా.

ఊ అను, రాసి పంపుతాను.

నీ మామయ్య


హూసుమ్,
జనవరి

మామయ్యా,

నీ అబద్ధం రాయకు. దాచుకో. నేను చెప్పేశాను.

చెప్పాలనుకుని చెప్పలేదు. నిన్న పొద్దున్న పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, కిటికీ అవతల కరకట్ట లేదు, సముద్రం లేదు, పక్కింటి గొర్రెలు మాత్రం గాల్లోంచి అరుస్తున్నాయి. అత్తయ్య తల దువ్వుతున్నాను. "రాత్రి మొమ్మె మళ్ళీ వచ్చినాడు. ఇదిలించుకొని ఎల్లిపోయినాడు. నాకు ఎవులూ నిజం సెప్పరేటే? నాను సచ్చేదాకా సిన్నపిల్లనేనా మీకు?" అంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు మొత్తం వచ్చేసింది. తెల్ల రిబ్బను, రైలు బండి, బురద, ఎండ్రకాయ, అన్నీ.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "రిబ్బను తెల్లదేనా? నాకు ఇప్పుడు రంగులు సరిగ్గా ఆనవు" అని వేళ్ళతో తడిమింది. తర్వాత శిలువని బల్ల మీద పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం హార్కె పడవ నుంచి వచ్చాక అప్పుడు మొదలుపెట్టింది. "మీ నాయిన దొంగ. మొమ్మె సచ్చిపోయినాడని నాకు సముద్రం సెప్పాల. టాడె ఎవుడు సెప్పడానికి? నాను ఎతుక్కుంటంటే నా కళ్ళకి గంతలు కట్టి ఇంటికి తోలుకొచ్చినాడు!" హార్కె తడి బూట్లతోనే నిలబడి ఉన్నాడు. "అమ్మా, ఇంకో పోటుకి నువ్వూ పోయుందువు" అన్నాడు. "పోతే పోనీ! నా పేణం, నా ఇట్టం!" అంది. హార్కె నా వైపు చూశాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

ఈ రోజు తిండి ముట్టుకోలేదు. రమ్ము కలిపిన కాఫీ ఇష్టం కదా అని తీసుకెళ్తే మొహం తిప్పుకుంది. శిలువ బల్ల మీదే ఉంది. ఇంత వయసొచ్చాక ఆవిడకి మొమ్మెనీ లేకుండా చేశాను, టాడెనీ లేకుండా చేశాను. ఈ కోపంతోనే కళ్ళు మూస్తే నేనేం కావాలి?

రూనీ


లూనెబుర్గ్,
జనవరి

రూనీ,

నీ ఉత్తరం వచ్చినప్పట్నించి నాకూ తిండి సయించడం లేదు. ఫోన్ చేద్దామని పోస్టాఫీసు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఫోన్లో మనిద్దరం ఏడవడం తప్ప ఏం చేస్తాం?

నువ్వు తప్పు చేశావని నేననను. అడిగిన మనిషికి జవాబు చెప్పావు. నేనేమో ఆవిడ అడిగినదానికి కాకుండా అడగనిదానికి జవాబు రాశాను, అందుకే ఇంత దూరం వచ్చింది. నన్ను తిట్టు, నిన్ను తిట్టుకోకు. హార్కెని తిననివ్వు, నిద్రపోనివ్వు. ఆవిడ కోపంగా ఉందంటే ఇంకా బతికే ఉందన్నమాట. మా దుకాణానికి వచ్చే ముసలివాళ్ళలో తిట్టేవాళ్ళకి నేనెప్పుడూ భయపడలేదు, నవ్వి ఊరుకునేవాళ్ళకే భయపడేవాణ్ణి.

ఏం జరిగినా రాయి. మంచైనా చెడైనా రాయి.

నీ మామయ్య


హూసుమ్,
ఫిబ్రవరి

మామయ్యా,

స్థిమితంగా కూర్చుని చదువు. చెడు కాదు.

అత్తయ్య వారం దాకా మాతో మాట్లాడలేదు. గంజిలాంటిది నాలుగు చెంచాలు తాగేది, మళ్ళీ గోడవైపు తిరిగేది. నిద్రలో గొణిగేది. మొమ్మె పేరు కోసం చెవులు రిక్కించి విన్నాను, ఒక్కసారి కూడా వినబడలేదు. ఎవరితోనో పోట్లాడుతోందని మాత్రం తెలిసేది.

మొన్న పొద్దున్నే తనంతట తనే లేచి కూర్చుంది. "సుద్దపొడి ఎవులు తెచ్చేవోరు తెలుసా నీకు?" అని అడిగింది. నాకేం తెలుసు! "టాడె తెచ్చేవోడు. పెతి ఆదివారం నాను మంచం మీద కూకొని ఆ శిలువ తోమేదాన్ని. మొమ్మె మొమ్మె అని ఏడ్సేదాన్ని. అయిపోతే టాడె బజారెల్లి కొత్త సుద్ద తెచ్చి పెట్టేవోడు. ఎదురుగా కూకొని పైపు కాల్చుకుంటా సూసేవోడు. ఆడిదే తోముతన్నాను. ఆడి ముందరే తోముతన్నాను." కాసేపు ఊపిరి అందలేదు ఆవిడకి. నేను వీపు నిమిరాను. "ఊరోళ్ళు ఎండ్రకాయ అని నవ్వినప్పుడు నానూ నవ్వినానే కోడలా. పెళ్ళయినాక కూడా నవ్వినాను. ఆడూ నాతో పాటు నవ్వేవోడు" అంది. అప్పుడు ఏడ్చింది. నేను ఈ ఇంటికి వచ్చాక మామగారి కోసం అత్తయ్య ఏడవడం అదే మొదలు. ఆయన పోయిన రోజున కూడా ఏడవలేదు, వచ్చినవాళ్ళకి కాఫీలు పోసింది.

ఏడుపు ఆగాక హార్కెని పిలిచి, "బండి తియ్యి. మీ నాయిన కాడికి తీసుకెల్లు" అంది. బయట చలి కోసేస్తోంది. డాక్టరు వద్దన్నాడని చెబితే, "డాక్టరు ఎప్పుడు పోతాడో డాక్టరుకి తెలుసా?" అంది. రెండు దుప్పట్లు చుట్టి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. శిలువ తను పట్టుకోలేదు. "అది ఆడి పాత రైల్వే కోటుకి గుచ్చండి. ఆడికి రావలసింది నా సేతిలో ఏల?" అని హార్కెకి ఇచ్చింది. ఆ కోటు ఇంకా మా బీరువాలోనే ఉంది, హార్కె ఎప్పుడూ పారేయనివ్వలేదు. బయలుదేరే ముందే గుచ్చాడు. నీకు ఆ శిలువ మీద కన్నుపడిందని నాకు తెలుసు, ఇక ఆశ వదులుకో.

శ్మశానంలో ఎవరూ లేరు. సముద్రం మీంచి పొగమంచు లోపలికి వచ్చి రాళ్ళ మధ్య తిరుగుతోంది. దగ్గరి రాళ్ళు కూడా ఉన్నాయో లేవో తెలియడం లేదు. మేం ముగ్గురం, టాడె, అంతే ఉన్నాం లోకంలో. హార్కె కుర్చీని రాయికి దగ్గరగా తెచ్చి ఆపాడు. అత్తయ్య చేత్తో రాయి తడిమింది, పేరు ఉన్న వైపు.

"దొంగ సచ్చినోడా" అంది మెల్లగా. ఆ తర్వాత మెల్లగా కాదు! "నా పక్కన పడుకొని ఒక్క రోజు సెప్పలేకపోయినావా? ఒక్క రోజు! కోపంలో అయినా సెప్పలేకపోయినావా? నానెన్ని మాటలన్నాను నిన్ను! ఒక్క మాట తిరిగి అన్నావా? మొద్దు! రాయి! మంచోడు, మంచోడు అంటే మరీ ఇంత మంచోడయిపోవాలా?" అలా తిడుతూనే ఉంది మామయ్యా. పువ్వులు పెట్టడానికి వచ్చిన ఎవరో ముసలాయన పొగమంచులోంచి తొంగిచూసి, టోపీ తీసి, మళ్ళీ పొగమంచులోకి వెళ్ళిపోయాడు. హార్కె మొదట భయపడ్డాడు, తర్వాత మొహం అటు తిప్పుకుని ఏడ్చాడు, తర్వాత నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో.

గొంతు బొంగురుపోయాక ఆపింది. "పెల్‌వోర్మ్ వద్దు. మొమ్మె సముద్రంలో బాగానే ఉన్నాడు, ఆడికి నాతో పనిలేదు. నన్ను ఇక్కడే పెట్టండి" అంది. హార్కె తలూపాడు. చలి ఎక్కువవుతోంది, ఇక వెళ్దామని నేను కుర్చీ వెనక్కి తిప్పబోతే నా చెయ్యి తోసేసింది.

"మీరిద్దరూ ఎల్లి కాఫీ తాగి రండి. మొగుడూ పెళ్ళాల మజ్జిన మీకేటి పని?" అంది.

వెళ్ళి తాగి వచ్చాం మామయ్యా.

రూనీ